కార్డు పిలిచింది, ఎవరూ వినలేదు

జూలై 2, మంగళవారం

నాకు కోపం రాలేదు. ముందుగా ఈ సంగతి రాసి పెట్టుకుంటున్నాను.

పొద్దున్నే పాతపట్నం నుంచి మేనమామ ఫోన్ చేశాడు. హలో లేదు, బాగున్నావా లేదు. "ఒసే షీబా, నీ కార్డు నా కొంప ముంచేసినాదే" అన్నాడు.

కృపారావు మావయ్యకి అక్కడ స్కానింగ్ సెంటర్ ఉంది. ఫొటోలు దాచుకోవడానికి చోటు చాలడం లేదంటే, కంప్యూటర్‌లో మా కంపెనీ కార్డు పెట్టించి దానికి కొత్త డిస్కులు తగిలించుకోమని నేనే చెప్పాను. "దాన్ని నడిపించే ప్రోగ్రాం, డ్రైవర్, రాసింది నేనే మావయ్యా, కళ్ళు మూసుకుని పెట్టించు" అన్నది కూడా నేనే. ఆయన నిజంగానే కళ్ళు మూసుకుని పెట్టించాడు. ఇప్పుడు ఒక్కో ఫొటో తెరుచుకోవడానికి అర నిమిషం పడుతోందట. కడుపునొప్పని వచ్చిన మనిషి బల్ల మీద మూలుగుతుంటే డాక్టరమ్మ తెర వంక చూస్తూ కూర్చుంటోందట.

"మొన్నటిదాకా బాగానే ఉన్నాది. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించిన కాణ్ణుంచీ ఇదే వరస. ఏటి సేసినావే దాన్ని?"

ఏమీ చేయలేదు. కిందటి విడుదలలో డిఫాల్ట్ మార్చాను, అంతే.

మధ్యాహ్నం బెంగళూరు నుంచి మా మేనేజర్ పృథ్వీరాజ్ గారు. మావయ్య ఫిర్యాదు అప్పటికే ఆఫీసుకి చేరింది. సపోర్టు విభాగం పెద్ద అనూరాధ గారు నా డిఫాల్ట్ పీకేయమని పట్టుబడుతున్నారట. నెలాఖరుకి కొత్త విడుదల ఉంది. ఆలోగా కారణం కనిపెట్టి మందు వేస్తే సరే, లేకపోతే అన్ని కార్డులకీ పాత పద్ధతే. ఆయన మామూలుగానే చెప్పారు. నేనూ మామూలుగానే విన్నాను. పప్పు మాడిపోయిందంటే అది వేరే సంగతి.

జూలై 3

రేపటి మీటింగ్‌లో డ్రైవర్ల సంగతి తెలియని పెద్దవాళ్ళు కూడా ఉంటారట. ఎలా చెప్పాలో రాసి చూసుకుంటున్నాను.

డిస్కుకి పని అప్పజెప్పి కంప్యూటర్ దాని ఎదురుగా కూర్చోదు. తన మానాన తను వేరే పనిలో పడిపోతుంది. ఇచ్చిన పని పూర్తయ్యాక కార్డే దాన్ని పిలవాలి. ఈ పిలుపునే ఇంటరప్ట్ అంటాం. పిలవడానికి రెండు దారులున్నాయి. పాత దారిలో నాలుగైదు పరికరాలకి కలిపి ఒకటే తీగ. ఆ తీగ మీద గంట మోగిందంటే ప్రతి డ్రైవరూ లేచి నన్నేనా, నన్నేనా అని చూసుకోవాలి. కొత్త దారిలో తీగ ఉండదు. కార్డు ఒక చిన్న సందేశం రాసి ఫలానా ప్రాసెసర్‌కి అని నేరుగా పంపిస్తుంది. ఎవరి పిలుపు వాళ్ళకే వెళ్తుంది. పని ఒత్తిడి ఉన్న యంత్రాల్లో ఈ రెండింటికీ ఎడ్లబండికీ రైలుకీ ఉన్నంత తేడా. అందుకే కిందటి విడుదలలో పాత దారి తీసి కొత్త దారి పెట్టాను.

ఏ దారి వాడాలో యంత్రం సొంతదారు కావాలంటే చెప్పుకోవచ్చు. కానీ ఎవరు చెప్తారు? అలాంటిదొకటి ఉందనే చాలామందికి తెలియదు. డ్రైవర్ రాసినవాళ్ళు ఏది పెట్టి పంపిస్తే దానితోనే కాలం గడిపేస్తారు. దాన్నే డిఫాల్ట్ అంటాం. అందుకని డిఫాల్ట్ పెట్టేవాళ్ళు దేవుడి తర్వాత అంతటివాళ్ళు.

ఈ చివరి మాట విక్టర్‌కి చదివి వినిపించాను. మా ఆయన ఇక్కడి రైల్వే స్టేషన్‌లో పని చేస్తాడు. ఆయన బదిలీ మీదే మేలో విజయనగరం నుంచి కోటబొమ్మాళి వచ్చాం, నా ఆఫీసు పని ఇంటి నుంచే. "ఈ ముక్క ఆదివారం గుళ్ళో అనీగలవు, పాస్టరుగారు వేదిక దిగిపోతారు" అన్నాడు. కొట్టేశాను. రైలు పోలిక మాత్రం బాగుందన్నాడు, రైల్వే మనిషి కదా.

జూలై 4

మీటింగ్ అయింది. రైలు పోలిక ఎవరికీ ఎక్కలేదు.

జూలై 6, శనివారం

పాతపట్నం వెళ్ళొచ్చాను. టెక్కలిలో బస్సు మారాను. దారి పొడుగునా ఉభాలు, మోకాళ్ళ లోతు బురదలో ఆడవాళ్ళు వంగి నాట్లు వేస్తున్నారు. విక్టర్‌కి డ్యూటీ, ఇంటికి తాళం వేసి వెళ్ళాను.

మావయ్య సెంటర్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. లోపల బెంచీల నిండా జనం. "రా తల్లీ, రా. ఈళ్ళందరికీ నువ్వే సెప్పు, ఎందుకింత ఆలిస్యమో" అన్నాడు అందరికీ వినబడేలా. చచ్చినంత పనైంది.

కంప్యూటర్ ముందు కూర్చున్నాక మాత్రం నా పాత ధైర్యం నాకు వచ్చేసింది. ముందు డిస్కులు చూశాను. బంగారంలా ఉన్నాయి. అడిగిన పని అడిగిన వెంటనే చేసేస్తున్నాయి. తర్వాత కార్డు చూశాను. పని అవ్వగానే పిలుపు పంపించేశానని అంటోంది. అప్పుడు కంప్యూటర్‌కి ఆ కార్డు నుంచి ఎన్ని పిలుపులు అందాయో లెక్క తీశాను. సున్నా. యంత్రం ఆన్ చేసినప్పటి నుంచీ సున్నా.

కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య, ఆ కంప్యూటర్ లోపలి బోర్డు మీద ఒక చిప్పు ఉంది. కార్డు పంపిన సందేశాన్ని అది మింగేస్తోంది. పాత తీగ మీద గంట కొడితే ఏ గొడవా లేకుండా పోనిస్తుంది. కొత్త పద్ధతి సందేశమే దాని గొంతు దాటి రావడం లేదు. అర నిమిషం చూసి, ఇంతసేపైందేమిటి అని డ్రైవరే వెళ్ళి తొంగి చూస్తోంది. పని ఎప్పుడో అయిపోయి ఉంటోంది. అదీ ఆ అర నిమిషం కథ.

మావయ్యకి చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నాడు. "అంటే నీ కార్డు పిలస్తానే ఉన్నాది, మా కంప్యూటర్‌కి సెవుడు. అంతేనా?" అన్నాడు. అంతే. తాత్కాలికంగా ఆ ఒక్క యంత్రాన్ని పాత దారికి మార్చి పెట్టాను. ఫొటోలు టకటకా తెరుచుకున్నాయి. మళ్ళీ కంప్యూటర్ మార్చినా, సాఫ్ట్‌వేర్ ఎక్కించినా చేత్తో మార్చుకోవాల్సిందే. ఆ మాట అప్పటికి చెప్పలేదు, అత్త చేపల పులుసు వడ్డిస్తోంది.

మందు దొరికింది. ఇలాంటి చెవిటి బోర్డుల జాబితా ఒకటి డ్రైవర్‌లో పెట్టేస్తాను. జాబితాలో ఉంటే పాత దారి, లేకపోతే కొత్తది.

ఇంటికి వచ్చేసరికి గడప మీద ఎర్రగా ఏదో పులిమి ఉంది. వీధిలో పిల్లలకి వేరే చోటే దొరకలేదు. తడిగుడ్డతో తుడిచేశాను.

జూలై 9

జాబితా రాసి పంపించాను. ప్రస్తుతానికి అందులో ఒకటే పేరు, మావయ్య బోర్డుది. పృథ్వీరాజ్ గారు "నీట్‌గా ఉంది" అన్నారు. అనూరాధ గారు ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఒప్పుకోవడమే.

జూలై 12, శుక్రవారం

ఒప్పుకోవడం కాదు.

ఇంకో ఊరు, ఇంకో రకం బోర్డు, అదే జబ్బు. అనూరాధ గారు మీటింగ్‌లో చాలా నెమ్మదిగా అడిగారు, అరిచినా బాగుండేది. "షీబా, లోకంలో ఎన్ని బోర్డులున్నాయో నీకు తెలుసా? ఒక్కొక్కరు ఏడ్చి ఫోన్ చేశాక ఒక్కొక్క పేరు రాసుకుంటూ పోతావా? ఆ ఏడుపు వినేది మా వాళ్ళు."

ఆవిడ అన్నది న్యాయమే, అదే ఎక్కువ మండించింది. పృథ్వీరాజ్ గారు కంపెనీ చేసే మూడు రకాల కార్డులకీ పాత దారే డిఫాల్ట్ అని తేల్చేశారు. కొత్త దారి కావాలనుకున్నవాళ్ళు చేత్తో మార్చుకుంటారట. ఎవరూ మార్చుకోరు. మార్చుకోవచ్చని తెలియకుండానే రైళ్ళన్నీ ఎడ్లబండ్ల వెనకాల నడుస్తాయి. రెండేళ్ళు నేను పడ్డ పాటు ఒక వాక్యంలో పోయింది. విడుదలలోకి ఆ మార్పు చేర్చాల్సింది కూడా నేనే.

నాకు కోపం లేదు. ఆయన ఇష్టం, కంపెనీ ఇష్టం. నాకేంటి.

జూలై 13

లేదు.

జూలై 15, సోమవారం

మార్పు ఇంకా చేర్చలేదు. చేర్చడానికి ఒక నిమిషం పని. రోజంతా వేరే పనులు చేశాను.

పక్కింటి లక్ష్మణమ్మ గారు నన్ను చూసి ముఖం తిప్పేసుకున్నారు. మేం ఈ ఇంట్లో దిగిన రోజు కాఫీ పెట్టి పంపించిన మనిషి. నేను నవ్వితే పందిరి మీది చిక్కుడుతీగ వంక చూస్తూ నిలబడ్డారు. ఇప్పుడు ఈవిడకి నేనేం చేశాను? ఆవిడ కూడా అనూరాధ గారి పార్టీలో చేరిపోయినట్టుంది.

విక్టర్‌తో అంటే "నువ్వే ఏదో అనేసుంటావు. ఈ వారంలో నిన్ను పలకరించడానికి నాకే బయ్యంగా ఉన్నాది" అన్నాడు. ఆయనతో మాట్లాడడం లేదు.

జూలై 16

ఈ రోజు జరిగింది మొత్తం రాయాలి. చెయ్యి ఆగడం లేదు.

పొద్దున్న వీధి కుళాయి దగ్గర లక్ష్మణమ్మ గారు, ఆవిడ కోడలు రాజకుమారి బిందెలు పెట్టుకుని ఉన్నారు. నేను వెళ్ళగానే మాటలు ఆగిపోయాయి. మనసులో ఉన్న మంటంతా ఎక్కడో ఒక చోట కక్కాలి కదా. "ఏటి పిన్నీ, నా మీద కోపమా? ఉంటే ముఖం మీద అడిగీయండి" అన్నాను.

"మాకెందుకమ్మా కోపం. పెద్ద ఉద్యోగం సేస్తన్నోరు మీరు. మాలాంటోల్లింటికి ఎందుకొస్తారు?"

"ఎప్పుడు రమ్మన్నారు మీరు?"

"రమ్మన్నేదా? మా మనవరాలి బారసాలకి ఈ కోడలు ఈదంతా తిరిగి పిలిసినాది. ఊరంతా వచ్చినారు, పక్కింటోల్లు మీరే రానేదు."

"నన్నెవరూ పిలవలేదు పిన్నీ."

"పిలవలేదంటావేటమ్మా! మీ ఇంటికి తాళమేసున్నాదని గడపకి బొట్టెట్టి మరీ వచ్చినాది. ఇంకెలాగ పిలుస్తారు?"

బొట్టు. శనివారం. తాళం. తడిగుడ్డ.

ఒక్కసారిగా నవ్వు వచ్చేసింది. ఆపుకుందామన్నా ఆగలేదు. "ఎందుకు నవ్వుతన్నావు?" అని ఆవిడ బిందె కింద పెట్టేశారు.

"అది నేనే తుడిసేసాను పిన్నీ."

నోరు జారాక తెలిసింది ఎంత దారుణమైన మాటో. "తుడిసేసావా! సుబమా అని పసిదాని పేరు మీద బొట్టెడితే తుడిసేసావా!" అని ఆవిడ అరిచిన అరుపుకి వీధిలో తలుపులు తెరుచుకున్నాయి.

గబగబా చెప్పుకొచ్చాను. నేను పుట్టి పెరిగింది మిషన్ కాంపౌండ్‌లో. చుట్టూ మావాళ్ళే. మా ఇళ్ళల్లో పెళ్ళికైనా ప్రార్థన కూటానికైనా గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలుస్తారు. ఇంట్లో ఎవరూ లేకపోతే మళ్ళీ వస్తారు. గడప మీద ఎరుపు కనిపిస్తే అది పిలుపని నాకెవరూ చెప్పలేదు. పిల్లలు రంగు పూశారనుకున్నాను.

రాజకుమారి నాలుక కరుచుకుంది. "నిజవేనత్తా. తాళం సూసి అలవాటుగా ఎట్టీసినాను. ఈళ్ళు బొట్టెట్టుకోరని అప్పుడు నాకు తోచనే నేదు" అంది.

లక్ష్మణమ్మ గారు నన్నూ కోడలినీ మార్చి మార్చి చూశారు. పెదవుల చివర ఏదో కదిలింది. "ఇద్దరూ సరిపోనారు. అయితే ఇప్పుడు నోటితో పిలస్తన్నాను, ఇనబడతాందా? మజ్జానం మా ఇంట్లో బోజనం. రాకపోనావంటే అప్పుడు సూడు" అన్నారు. వినబడిందని గట్టిగా చెప్పాను, కుళాయి దగ్గరున్న వాళ్ళందరూ నవ్వారు.

మధ్యాహ్నం వెళ్ళాను. చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. అరటాకు ముందు కూర్చుని మొదటి ముద్ద కలుపుతుండగా తట్టింది. చెయ్యి అలాగే ఆగిపోయింది.

రాజకుమారి అబద్ధం చెప్పలేదు, పిలిచింది. నేనూ అబద్ధం చెప్పలేదు, నాకు పిలుపు అందలేదు. కార్డు పిలిచానంటోంది, మావయ్య కంప్యూటర్ వినలేదంటోంది. రెండూ నిజమే. వీధిలో ఏ ఇంటివాళ్ళకి బొట్టు తెలియదో జాబితా రాసుకుని తిరగడం ఎవరి వల్ల అవుతుంది? అనూరాధ గారు చెప్పింది అదే. అసలు పని మొదలుపెట్టక ముందే ఒక్కసారి ఉత్తినే పిలిచి, పలికారా లేదా అని ఆగి చూస్తే సరిపోతుంది. పలికితే ఆ దారి. పలక్కపోతే రెండో దారి. ఏ బోర్డు పేరూ నాకు తెలియక్కర్లేదు. ఇంకా పుట్టని బోర్డు కూడా తన సంగతి తనే చెప్పుకుంటుంది.

"ఏటమ్మా, కూరలో ఉప్పు నేదా?" అన్నారు లక్ష్మణమ్మ గారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి పిన్నీ, అన్నీ సరిగ్గా ఉన్నాయి అన్నాను. ఆవిడ ఇంకో గరిటె వేశారు.

జూలై 18

రాశాను. డ్రైవర్ లేవగానే ముందు కొత్త దారి పెట్టుకుంటుంది. కార్డుకి ఏ పనీ లేని ఒక ఉత్త ఆదేశం ఇస్తుంది. కార్డు దాన్ని అందుకుని, అయిపోయిందని పిలవాలి. ఆ పిలుపు కోసం డ్రైవర్ కాస్త ఆగుతుంది. రాకపోతే పాత తీగకి మారి మళ్ళీ అడుగుతుంది.

బెంగళూరు ల్యాబ్‌లో ఉన్న ప్రతి యంత్రం మీదా ఆడించాను. అన్నీ కొత్త దారిలోనే పలికాయి. పృథ్వీరాజ్ గారికి ఫోన్ చేసి, పాత దారి డిఫాల్ట్ చేసే మార్పు ఇంకా చేర్చలేదని చెప్పాను. కసురుకుంటారనుకున్నాను. "చేర్చవని తెలుసు" అన్నారు. చెవిటి బోర్డు మీద ఆడించి చూపిస్తే అప్పుడు మాట్లాడదామన్నారు.

ఇంత తెలివైన ఆలోచన ఇంతవరకూ ఎవరికీ రాలేదేమిటో. వినయంగా ఉండాలి. ఉంటాను.

జూలై 22, సోమవారం

పాతపట్నం. ఎందుకు వెళ్ళానా అనిపించింది.

మావయ్యకి ముందే గొప్పలు చెప్పాను. ఆయన డాక్టరమ్మని కూడా పిలిచి నా వెనకాల నిలబెట్టాడు. కొత్త డ్రైవర్ ఎక్కించాను. ఉత్త ఆదేశం వెళ్ళింది. డ్రైవర్ ఆగింది. తర్వాత తెర మీద గర్వంగా రాసింది: కొత్త దారి బాగుంది, దీన్నే వాడుతున్నాను.

బాగుండడం ఏమిటి? ఆ బోర్డుకి చెవుడని నా కళ్ళతో చూశాను. ఫొటో తెరిస్తే మళ్ళీ అర నిమిషం.

డాక్టరమ్మ పని ఉందని వెళ్ళిపోయింది. మావయ్య కాసేపు తెరనీ నన్నూ చూశాడు. "సెవిటిదని నువ్వే సెప్పినావు. ఇప్పుడేమో బాగా ఇంటాందని నీ డ్రైవరే సెప్తాంది. ఇద్దర్లో ఎవర్ని నమ్మాలే?" అన్నాడు. ఆయన వెటకారానికి కాదు గానీ, ఏడుపొచ్చింది. యంత్రాన్ని మళ్ళీ చేత్తో పాత దారికి మార్చి బస్సెక్కాను. వర్షం. కిటికీ మూతపడలేదు.

నెలాఖరు దగ్గరికొచ్చేసింది. పోనీ వదిలేస్తే? పాత దారే పెట్టేస్తే నన్నెవరూ ఏమీ అనరు. నాకు పేరు రావాలని ఏమీ లేదు.

జూలై 23

నాకంటే మొద్దు ఈ జిల్లాలో లేదు.

ఆగి చూసేటప్పుడు నా డ్రైవర్ ఏమని అడుగుతోంది? ఆదేశం పూర్తయిందా అని. పూర్తవకేం, కార్డు ఎప్పుడూ పని పూర్తి చేస్తూనే ఉంది! చెవుడు కంప్యూటర్‌ది. పిలుపు వినబడిందా అని అడగాల్సింది పోయి పని అయిందా అని అడిగాను. బారసాల అయిందా అంటే అయింది. నేను వెళ్ళానా?

సరిచేశాను. పిలుపు అందితేనే నడిచే చిన్న భాగం ఒకటి డ్రైవర్‌లో ఉంటుంది. అది తను మేలుకున్నానని గుర్తు పెడితేనే పిలుపు అందినట్టు. పని అయినా కాకపోయినా నాకు అనవసరం. ఆ గుర్తు లేదా, దారి మార్చు.

పకోడీలు వేశాను. విక్టర్‌తో మాట్లాడుతున్నాను. మాట్లాడడం మానేశానని ఆయన గమనించలేదట.

జూలై 25

ఈసారి వెళ్ళలేదు. సిగ్గు. డ్రైవర్ పంపించి, ఎలా ఎక్కించాలో ఫోన్‌లో చెప్పాను. తెర మీద వచ్చే ఇంగ్లీషు మావయ్య ఒక్కో ముక్క కూడబలుక్కుని తెలుగులో చెప్తుంటే ఫోన్ చెవికి అదుముకుని కూర్చున్నాను.

"కొత్త దారి... పలకనేదు అంటాంది. పాత దారి సూస్తన్నాను అంటాంది. ఆగు, ఇంకోటి వచ్చినాది. పాత దారి పలికినాది, దీన్నే వాడతన్నాను... ఒసే, అదే మారిపోనాదే! నువ్వు ముట్టుకోనేదు, నాను ముట్టుకోనేదు!"

"ఫొటో తెరు మావయ్యా, ఫొటో!"

తెరిచాడు. "టక్కున వచ్చీసినాది!" అన్నాడు. తర్వాత ఫోన్ పక్కన పడేసి "డాక్టరమ్మా, వచ్చి సూడండి" అని కేకేయడం వినబడింది. జనం గోల, కుర్చీ జరిగిన చప్పుడు. చాలాసేపటికి మళ్ళీ లైన్‌లోకి వచ్చి "మన పిల్లే రాసినాదని అందరికీ సెప్పినాను" అన్నాడు.

ఏడ్చాను. ఈసారి సంతోషంతో, గట్టిగా, తలుపులన్నీ తీసే ఉన్నాయి.

జూలై 29, సోమవారం

మీటింగ్. ఈసారి పోలికలేమీ సిద్ధం చేసుకోలేదు. మావయ్య తెర మీది వాక్యాలు చూపించాను, అంతే.

ఒక పెద్దాయన, ఇలా ఆగి చూస్తే ప్రతి యంత్రమూ ఆలస్యంగా లేస్తుంది కదా అన్నారు. చెవులు బాగున్న యంత్రం రెప్పపాటులో పలుకుతుంది సార్, పలకని దాని దగ్గరే కాస్త ఆగుతాం అన్నాను. ఇంకొకాయన, ఇంత తంటా ఎందుకు, అందరికీ పాత దారే భద్రం కదా అన్నారు. నాకు మండింది. మండిందని దాచుకోలేదు. "అది భద్రం కాదు సార్, నత్తనడక. నలుగురికి చెవుడుందని ఊరందరినీ నడిపించి తీసుకెళ్తారా?"

అప్పుడు అనూరాధ గారు గొంతు సవరించుకున్నారు. ఉన్న ప్రాణం పోయింది. ఆవిడ ఒకటే అడిగారు, రెండు దారులూ పలక్కపోతే మా వాళ్ళకి ఏం కనిపిస్తుందని. "ఏ దారి అడిగాం, ఏది పలకలేదు అని మొత్తం రాసి ఉంటుంది మేడమ్. ఫోన్ ఎత్తిన మొదటి నిమిషంలోనే మీవాళ్ళకి జబ్బు తెలిసిపోతుంది" అన్నాను. ఆవిడ ఏదో రాసుకుని, "అయితే నాకు అభ్యంతరం లేదు, పెట్టండి" అన్నారు.

మూడు రకాల కార్డులకీ కొత్త దారే డిఫాల్ట్. పిలిచి చూశాకే. విడుదలలోకి వెళ్తోంది.

వెళ్తోంది వెళ్తోంది వెళ్తోంది.

ఆగస్టు 2

విడుదలైంది. అన్నం సహించడం లేదు. ఫోన్ మోగితే పరిగెత్తుకెళ్ళి ఎత్తుతున్నాను. మోగిన ప్రతిసారీ చీరల కొట్టువాళ్ళే.

ఆగస్టు 5

ఏమీ లేదు. అంటే మంచిదే కదా?

ఆగస్టు 9, శుక్రవారం

వారం నుంచి యంత్రాలు పంపిన రిపోర్టులు ఈ రోజు తీశారు. చాలామటుకు కొత్త దారిలోనే పరిగెడుతున్నాయి. జూలైలో ఏడిపించిన ఆ రెండో బోర్డు తనంతట తనే పాత దారికి మారి నిమ్మళంగా ఉంది. అంతటితో అయిపోలేదు. మాకెవరికీ పేరు కూడా తెలియని బోర్డులు కొన్ని, ఎక్కడెక్కడివో, పొద్దున్నే లేచాయి, పలకలేకపోయాయి, పాత దారి పట్టుకున్నాయి, పనిలో పడ్డాయి. వాటి సొంతదారులెవరూ ఫోన్ చేయలేదు. తమ యంత్రానికి చెవుడని వాళ్ళకి తెలియనే తెలియదు, ఇక తెలియాల్సిన అవసరమూ లేదు. రిపోర్టులోని ఆ వరసలు మళ్ళీ మళ్ళీ చదివాను. ఒక్కో వరస వెనకాల ఒక్కో మనిషి, నా మీద అరవాల్సినవాడు, హాయిగా టీ తాగుతున్నాడు. ఇంత గర్వం నాకు పదో తరగతి ఫలితాల రోజు కూడా లేదు.

మీటింగ్ చివర్లో పృథ్వీరాజ్ గారు ఇంకో మాట చెప్పారు. ఇక మీదట కంపెనీలో ఏ కార్డుకైనా డిఫాల్ట్ తేల్చేది షీబా. షీబా సరే అన్నాకే విడుదల. రాబోయే కొత్త రకం కార్డు బొమ్మ తెర మీద పెట్టారు. ఇంకా ఫ్యాక్టరీలోనే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. పాత దారి, కొత్త దారి కాక దానికి ఇంకో మూడో దారి కూడా ఉందట, ఎలాగైనా పిలవనివ్వొచ్చట. ఆయనది మా విజయనగరమే, సంతోషం ఎక్కువైతే యాస దాచుకోలేరు. "చెప్పమ్మా, దీనికి ఏటి పెడదాం?" అన్నారు అందరి ముందూ.

అందరూ నా వంకే చూస్తున్నారు. రెండేళ్ళుగా ఈ ప్రశ్న నన్నడగాలనే కాచుకుని ఉన్నాను. ఏది అంటే అదే రాసేస్తారు.

"ఏదీ పెట్టను సార్" అన్నాను. "ముందు దాన్నే పిలిసి సూద్దాం. ఏది పలికితే అది."

మొదట నవ్వింది అనూరాధ గారు. తర్వాత చప్పట్లు. ల్యాప్‌టాప్ మూసేసి గది మధ్యలో నిలబడి రెండు చేతులూ పైకెత్తాను, చిన్నపిల్లలా.

గెలిచాను. ఈ మాట ఎవరితోనూ అనను, ఇక్కడొక్కచోటే రాసుకుంటాను.

అబద్ధం. మావయ్యకి చెప్పాను, స్టేషన్‌కి వెళ్ళి విక్టర్‌కి చెప్పాను, టికెట్ కౌంటర్ దగ్గర నిలబడ్డ వాళ్ళకి చెప్పాను, కుళాయి దగ్గర ఇంటరప్ట్ అంటే ఏమిటో మొదటి నుంచీ విడమరిచి మరీ చెప్పాను, చీకటి పడేలోగా వీధిలో తెలియని ఇల్లు లేదు.